రెండు మెగాబైట్లలో ఒక అడవి

కోరాపుట్ కొండల్లో వాగు పారే లోయల్ని మెట్లు మెట్లుగా మలిచి వరి పండిస్తారు. ఆ పొలాల్ని ఝోలా భూములంటారు. పై మడి నీరు కింది మడికి, అక్కణ్ణుంచి దాని కింది మడికి దిగుతుంది. తరతరాలుగా సాగుతున్న ఈ ప్రాంతపు సేద్య పద్ధతిని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఇంత ఏర్పాటునూ రాత్రికి రాత్రే పాడుచేసే జీవి ఒకటుంది. అది గట్టులో బొరియ తవ్విందంటే మడిలో నీళ్లు తెల్లారేసరికి ఖాళీ. వరి ఈనిందంటే వెన్నులు కొరికి మోసుకుపోయి, నేల కింద గదుల్లో దాచుకుంటుంది. ఇటు రాయగడ నుంచి అటు గోదావరి డెల్టా దాకా రైతు దాని పేరెత్తితే వెంట ఒక తిట్టు కూడా వస్తుంది. అదే పందికొక్కు.

మన దేశంలో కనిపించే పందికొక్కులు ముఖ్యంగా రెండు రకాలు. వరిచేలల్లో ఎక్కువగా తిరిగేది చిన్నది, పావుకిలో అటూ ఇటూ తూగుతుంది. రెండోది పెద్దది, కిలో దాకా పెరుగుతుంది. రెండింటినీ కలిపి శాస్త్రజ్ఞులు పెట్టుకున్న ప్రజాతి పేరు బండికోటా. అది మన పందికొక్కే. 18వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు ఈ మాటను మన దగ్గర నేర్చుకున్నారు. తరవాత ఆస్ట్రేలియాలో అడుగుపెట్టినప్పుడు, పొడుగాటి మూతితో నేల తవ్వుకుంటున్న వేరే జంతువు కనబడితే దానికీ అదే పేరు తగిలించారు. నిజానికి ఈ రెండింటికీ చుట్టరికం లేదు. మనది ఎలుకల కుటుంబంలోది. ఆస్ట్రేలియాది కంగారూలా పిల్లల్ని సంచిలో పెంచే జీవి. తవ్వేటప్పుడు మట్టి పడకుండా దాని సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది.

1996లో ఒక అమెరికన్ వీడియో గేమ్‌కి కథానాయకుడైన క్రాష్ బండికూట్ ఈ ఆస్ట్రేలియా జంతువే. కోట్ల మంది ఆడిన ఆ ఆటల వరస చరిత్ర ఈ అధ్యాయంలో చూద్దాం. అసలు ప్రశ్న మాత్రం పేరుది కాదు. మన ఫోన్లో ఒక ఫోటోకి చాలనంత జ్ఞాపకశక్తి ఉన్న పెట్టెలో అంత పెద్ద అడవి ఎలా పట్టింది?

మీసం ఎందుకొచ్చింది?

ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదికి దూకుతూ, గుంటలు దాటుతూ, శత్రువుల్ని తప్పించుకుంటూ సాగే ఆటల్ని ప్లాట్‌ఫామ్ గేమ్‌లంటారు. 1981లో జపాన్ కంపెనీ నింటెండో తెచ్చిన డాంకీ కాంగ్‌తో ఇవి జనంలోకి వచ్చాయి. తరవాత మారియోగా పేరు మోసిన పాత్ర అందులోనే పుట్టింది. అతనికి మీసం, టోపీ ఎందుకున్నాయో తెలుసా? అప్పట్లో ఒక బొమ్మకు అడ్డంగా, నిలువుగా పదహారేసి చుక్కలు దొరికితే గొప్ప. అంత చోటులో నోరు గీయడం కుదరదు, గాలికి ఎగిరే జుట్టూ కుదరదు. మీసం పెడితే ముక్కు తెలుస్తుంది, టోపీ పెడితే జుట్టు గొడవ ఉండదు.

ఈ కొరత పాత్రల మొహాలనే కాదు, ఆటల ఆకారాన్ని కూడా మార్చింది. 1982లో డేవిడ్ క్రేన్ అటారి యంత్రం కోసం పిట్‌ఫాల్ అనే అడవి ఆట రాశాడు. ఆట మొత్తం 4 కిలోబైట్లలో ఇమడాలి. అడవిలోనేమో 255 దృశ్యాలున్నాయి. వాటినన్నిటినీ దాచే చోటు లేదు కాబట్టి ఆయన ఒక్క బైటు సంఖ్యను పట్టుకుని, దాన్ని ఒక పద్ధతిలో అటూ ఇటూ జరుపుతూ పోయాడు. సున్నా కాకుండా ఒక బైటులో ఉండగలిగే విలువలు 255. ప్రతి విలువా ఒక దృశ్యం. ఈ సంఖ్యకు ఇక్కడ చెట్టు, ఈ సంఖ్యకు అక్కడ మొసళ్ల గుంట, అంతే. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ 40 కిలోబైట్ల ఆట. అందులో ఆకాశంలోని మేఘాన్ని, నేల మీది పొదను పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే బొమ్మ! మేఘానికి తెలుపు వేశారు, పొదకు ఆకుపచ్చ.

మన ఊళ్లలో 1990లలో టీవీకి తగిలించి ఆడిన కార్ట్‌రిడ్జ్ పెట్టెలు చాలావరకు ఈ ఆట నడిచిన నింటెండో యంత్రానికి నకళ్లే. కాబట్టి ఆ మేఘాన్ని, ఆ పొదను మన పాఠకుల్లో చాలామంది చూసే ఉంటారు.

మారియోకి పోటీగా సెగా కంపెనీకి ఒక ముఖం కావలసి వచ్చింది. 1991 జూన్‌లో సోనిక్ వచ్చాడు. నవోతో ఓషిమా గీసిన నీలం రంగు ముళ్లపంది, యూజీ నాకా రాసిన ప్రోగ్రాం. ముళ్లపందిని ఎంచుకోవడం వెనక ఒక లెక్క ఉంది. ఆ జంతువు ఉండలా చుట్టుకుంటుంది. దూకడానికీ, కొట్టడానికీ ఒకే బటన్ చాలు, దూకితే చాలు శత్రువుకు ముళ్లు తగులుతాయి. సోనిక్ గెలిచాక ప్రతి కంపెనీకీ ఒక జంతువు కావాలనిపించింది. అడవిపిల్లులు, గబ్బిలాలు, బల్లులు వరసగా దిగాయి. ఎక్కువ భాగం వచ్చినంత వేగంగానే మరుగునపడ్డాయి. ముఖం తెచ్చుకున్నారు గానీ దాని వెనక కొత్త ఆలోచన తెచ్చుకోలేదు.

వెనకనుంచి చూస్తే?

ఆండీ గావిన్, జేసన్ రూబిన్ చిన్నప్పటి స్నేహితులు. బడిలో ఉండగానే 1984లో ఆటలు రాసే కంపెనీ పెట్టారు. అదే తరవాత నాటీ డాగ్ అయింది. 1994లో యూనివర్సల్ సంస్థతో ఒప్పందం కుదిరి, ఇద్దరూ బోస్టన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి కారులో బయలుదేరారు. దారి పొడవునా ఒకటే చర్చ. అంతవరకూ ప్లాట్‌ఫామ్ ఆటల్లో పాత్రను పక్కనుంచి చూస్తాం. ఎడమనుంచి కుడికి పరుగు. ఇప్పుడు మూడు కొలతల బొమ్మలు గీసే యంత్రాలు వస్తున్నాయి. పాత్రను వెనకనుంచి చూపిస్తూ తెర లోపలికి పరిగెత్తిస్తే ఎలా ఉంటుంది? అలా చేస్తే ఆట మొత్తం హీరోగారి పిరుదులే చూస్తూ ఉండాలి కదా అని నవ్వుకుని, ఆ నవ్వునే పనిపేరుగా పెట్టుకున్నారు.

జంతువు విషయంలో సెగా దారే పట్టారు. నిజంగా ఉండాలి, చూడముచ్చటగా ఉండాలి, జనానికి దాని గురించి తెలిసి ఉండకూడదు. టాస్మేనియా డెవిల్‌ని వార్నర్ సంస్థ కార్టూన్లలో ముందే వాడేసింది. అదే ప్రాంతంలో వెతికితే వాంబాట్, పొటొరూ, బండికూట్ దొరికాయి. కొంతకాలం పాత్ర పేరు విల్లీ ద వాంబాట్. చివరికి బండికూట్ నిలిచింది. చార్లెస్ జెంబిలాస్ బొమ్మలు గీశాడు. యూనివర్సల్ తరఫున నిర్మాణం చూసుకున్నది మార్క్ సెర్నీ. 1996 సెప్టెంబరులో సోనీ ప్లేస్టేషన్ మీద ఆట విడుదలైంది.

యంత్రం ఏమిస్తుంది?

ప్లేస్టేషన్‌లో ఆట నడవడానికి 2 మెగాబైట్ల జ్ఞాపకం, బొమ్మల కోసం 1 మెగాబైటు ఉండేవి. ప్రాసెసర్ వేగం సెకనుకు సుమారు 3.38 కోట్ల టిక్కులు. సెకనుకు 30 బొమ్మలు చూపించాలంటే ఒక్కో బొమ్మకు దక్కేది 11 లక్షల టిక్కులు. ఆ లోపలే బటన్ చూడాలి, పాత్రను కదపాలి, శత్రువుల్ని నడపాలి, అడవి గీయాలి.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఏది ముందు, ఏది వెనక అన్నది. మూడు కొలతల దృశ్యాన్ని యంత్రం చిన్నచిన్న త్రిభుజాలుగా గీస్తుంది. చెట్టు వెనకున్న రాయిని చెట్టు మీద గీస్తే బొమ్మ పాడవుతుంది. నేటి యంత్రాలు ప్రతి చుక్కకూ దాని దూరం ఎంతో రాసిపెట్టుకుంటాయి. క్రాష్ వాడిన తెర 512 చుక్కల వెడల్పు, 240 చుక్కల ఎత్తు. చుక్కకు రెండు బైట్ల చొప్పున దూరాలు రాస్తే 240 కిలోబైట్లవుతుంది. బొమ్మల జ్ఞాపకంలో దాదాపు నాలుగో వంతు. ప్లేస్టేషన్‌లో ఆ సదుపాయమే లేదు. కాబట్టి దూరంగా ఉన్నవి ముందు, దగ్గరవి తరవాత గీసుకుంటూ రావాలి. అంటే ప్రతి బొమ్మకూ వేల త్రిభుజాల్ని దూరం ప్రకారం పేర్చాలి. 11 లక్షల టిక్కులు దానికే చాలవు.

రాయగడ నుంచి కోరాపుట్‌కి రైలు

గావిన్ బృందం పట్టిన ఉపాయం అర్థం కావాలంటే హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన కూర్చోండి. రాయగడ దాటాక రైలు తూర్పు కనుమల్లోకి ఎక్కుతుంది. టికిరి, లక్ష్మీపూర్ రోడ్, కాకిరిగుమ్మ, దామన్‌జోడి మీదుగా సొరంగాలు దూరుతూ, లోయలు దాటుతూ కోరాపుట్ చేరుతుంది. మీరు రైలు దిగి కొండ వెనక ఏముందో చూడలేరు. పట్టా ఎటు తీసుకుపోతే అటే. ఫలానా కిలోమీటరు రాయి దగ్గర కిటికీలోంచి ఏ కొండ కనిపిస్తుందో, ఏ చెట్టు దేని ముందు నిలబడుతుందో ముందే తెలుసు. ఆ రోజూ అంతే, ఈ రోజూ అంతే.

ఇప్పుడు ఒకాయన తీరిగ్గా ఆ దారి పొడవునా నడిచి, పది అడుగులకొకసారి ఆగి, అక్కణ్ణుంచి కనిపించేవన్నీ దూరం నుంచి దగ్గరకు వరసగా జాబితా రాశాడనుకోండి. తరవాత ఏ చిత్రకారుడైనా ఆ జాబితా చూసి గబగబా బొమ్మ వేసేయగలడు. ఏది ముందు, ఏది వెనక అని ఆలోచించనక్కర్లేదు. పైగా ఒక ఆగిన చోటుకీ మరో చోటుకీ జాబితా పెద్దగా మారదు. కొత్తగా కనబడినవి, కనుమరుగైనవి రాసుకుంటే చాలు. సొరంగంలో అయితే రాయాల్సిందే ఉండదు.

క్రాష్ ఆటలో కెమెరాకు సరిగ్గా ఇలాంటి పట్టా వేశారు. పాత్ర అటూ ఇటూ కాస్త కదలొచ్చు గానీ, చూసే కన్ను మాత్రం గీసిన గీత మీదే సాగుతుంది. ఆ గీత మీద ప్రతి చోటునుంచీ ఏ త్రిభుజాలు కనిపిస్తాయి, ఏ వరసలో గీయాలి అన్న జాబితాల్ని ఆట తయారయ్యే దశలోనే సిలికాన్ గ్రాఫిక్స్ వారి ఖరీదైన వర్క్‌స్టేషన్లు గంటల తరబడి లెక్కపెట్టాయి. ఆ తరవాత తేడాల్ని మాత్రమే కుదించి డిస్క్‌లో పెట్టారు. ఇంట్లో ఉన్న చవక పెట్టె చేయాల్సింది జాబితా చదివి గీయడమే.

ఆటలో దారి పక్కన దట్టంగా చెట్లు, బండలు, మలుపులు ఎందుకున్నాయో ఇప్పుడు తెలుస్తుంది. అందం కోసమే కాదు. చూపుకు అడ్డు తగలడానికి. కనిపించనిదాన్ని గీయనక్కర్లేదు కదా!

డిస్క్‌లో చోటుకు కొదవ లేదు, 600 మెగాబైట్ల పైనే ఉంటుంది. చదవడమే నిదానం, సెకనుకు 300 కిలోబైట్లు. రెండు మెగాబైట్లూ ఒకసారి నింపాలంటేనే ఏడు సెకన్లు. అందుకని దృశ్యాన్ని 64 కిలోబైట్ల పేజీలుగా కోశారు. ఆటగాడు ముందుకు పోతుంటే రాబోయే పేజీలు లోపలికి వస్తుంటాయి, దాటిపోయినవి చెరిగిపోతుంటాయి. ఒక పేజీ రావడానికి ఐదోవంతు సెకను. ఏ వస్తువు ఏ పేజీలో ఉండాలో సర్దడం మళ్లీ ఒక పెద్ద లెక్క. దాన్నీ ముందే చేసిపెట్టుకున్నారు.

ఒంటి మీద రంగు, మెడ లేని తల

ఇక క్రాష్‌ని దగ్గరగా చూడండి. నారింజ రంగు ఒళ్లు, పెద్ద తల. మెడ లేదు. చేతికి తొడుగులు, ఛాతీ లేత రంగు. చిన్న టీవీ తెర మీద దూరంగా కనిపించే పాత్ర ఎటు తిరిగి ఉందో ఆటగాడికి తక్షణం తెలియాలి. ముందు లేత, వెనక ముదురు ఉంటే సందేహం ఉండదు. తల పెద్దదైతే ముఖంలో భావాలు కనిపిస్తాయి. తొడుగులుంటే చేతులు ఒంట్లో కలిసిపోవు. ఆకుపచ్చ అడవిలో నారింజ రంగు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నిప్పుల ప్రవాహం మీద మాత్రం కనిపించదు కాబట్టి ఆటలో లావా దృశ్యాల జోలికి పోలేదు.

బొమ్మలో సుమారు 512 త్రిభుజాలు. చాలా ఆటల్లో పాత్ర ఒంటికి బట్టలా ఒక చిత్రాన్ని అంటిస్తారు. ప్లేస్టేషన్‌లో అలా అంటించిన చిత్రం పాత్ర కదిలినప్పుడల్లా వంకరపోతూ, వణుకుతూ ఉండేది. క్రాష్ ఒంటికి ఎక్కువచోట్ల చిత్రం లేకుండా నేరుగా రంగులే వేశారు. వణుకూ తగ్గింది, చోటూ మిగిలింది.

కదలిక మరో కథ. మామూలుగా పాత్రకు లోపల ఎముకల చట్రం పెట్టి, కీళ్ల దగ్గర వంచుతారు. దానివల్ల బుగ్గలు ఉబ్బడం, కళ్లు సాగడం లాంటి కార్టూన్ చేష్టలు కుదరవు. గావిన్ వాళ్లు చట్రం మానేసి, ప్రతి బొమ్మలోనూ ప్రతి మూల ఎక్కడుందో నేరుగా రాసిపెట్టారు. ఎంత చోటు పడుతుందో ఉజ్జాయింపుగా వేసి చూడండి. 512 త్రిభుజాల ఆకారానికి దాదాపు 250 మూలలుంటాయి. మూలకు మూడు సంఖ్యలు, సంఖ్యకు ఒక బైటు అనుకుంటే 750 బైట్లు. సెకనుకు 30 బొమ్మలంటే 22,500 బైట్లు. పరుగు, దూకుడు, గిరగిరా తిరగడం, రకరకాల చావులు అన్నీ కలిస్తే రెండు మెగాబైట్లలో పెద్ద భాగం మింగేస్తాయి. అందుకే దీన్ని కుదించడానికి సొంత పద్ధతి కట్టారు. జీవుల ప్రవర్తన రాయడానికైతే గావిన్ ఏకంగా గూల్ అనే కంప్యూటర్ భాషనే తయారుచేసుకున్నాడు.

పెట్టెలు, దయ

ఇంత చేశాక దారులు బోసిగా అనిపించాయి. ఎక్కువమంది శత్రువుల్ని పెడదామంటే త్రిభుజాలు చాలవు. 1996 జనవరిలో దానికి ఒక మందు దొరికింది, చెక్కపెట్టె. ఘనాకారం, గీయడానికి అతి చవక. పగలగొట్టొచ్చు, ఎక్కి దూకొచ్చు, లోపల పండు పెట్టొచ్చు, మందుగుండు పెట్టొచ్చు. ఈ ఆటల వరసకు గుర్తుగా నిలిచిపోయిన పెట్టెలు త్రిభుజాల పొదుపులోంచి పుట్టాయి.

ఇంకో ఏర్పాటు ఆడేవాళ్లకు కనిపించదు. ఒకేచోట పదేపదే చస్తున్న ఆటగాడికి ఆట మెల్లగా సాయం చేస్తుంది. రక్షణ ముసుగు ముందే ఇస్తుంది, మళ్లీ మొదలుపెట్టే చోటు దగ్గరగా పెడుతుంది. బాగా ఆడేవాడికి ఇవేవీ ఉండవు. పిల్లాడు విసుగెత్తి వదిలేయకుండా, ఆరితేరినవాడికి చప్పబడకుండా ఉండే ఈ సర్దుబాటు ఇప్పుడు ఆటల పరిశ్రమలో మామూలు పాఠం.

పట్టా లేని దారి

హద్దు గీసుకున్నందుకు చెల్లించిన మూల్యం కూడా ఉంది. అదే 1996 జూన్‌లో నింటెండో సూపర్ మారియో 64 తెచ్చింది. అందులో కెమెరాను ఆటగాడే తిప్పుకోవచ్చు, మైదానంలో ఎటుపడితే అటు తిరగొచ్చు. అందుకు బదులుగా కొండలు నున్నగా, చెట్లు పలచగా ఉంటాయి. క్రాష్ అడవి దట్టంగా ఉంటుంది గానీ చెట్టు వెనక్కి వెళ్లలేం. చరిత్ర చివరికి మారియో వైపే మొగ్గింది. 1998లో ప్లేస్టేషన్ మీదే స్పైరో అనే చిన్న డ్రాగన్ విశాలమైన మైదానాల్లో తిరిగింది. సోనిక్‌ని మూడు కొలతల్లోకి తేవాలనుకున్న సెగా ప్రయత్నం సోనిక్ ఎక్స్‌ట్రీమ్ మాత్రం మధ్యలోనే ఆగిపోయింది.

అయినా క్రాష్ మొదటి ఆట 60 లక్షలకు పైగా అమ్ముడైంది. 1997లో రెండోది, 1998లో మూడోది, 1999లో బండి పందేల ఆట వచ్చాయి. జపాన్ మార్కెట్‌లో విదేశీ ఆటలు నిలదొక్కుకోవడమే కష్టమైన రోజుల్లో మూడో ఆట అక్కడ పది లక్షలు దాటింది. పాత్ర మీద హక్కులు యూనివర్సల్‌వి కావడంతో నాటీ డాగ్ పక్కకు తప్పుకుంది. 2001లో సోనీ ఆ కంపెనీని కొనేసింది. పాత్ర చేతులు మారుతూ ఆక్టివిజన్‌కి, 2023లో ఆ సంస్థతోపాటు మైక్రోసాఫ్ట్‌కి చేరింది.

2017లో మొదటి మూడు ఆటల్నీ వైకేరియస్ విజన్స్ అనే సంస్థ కొత్తగా కట్టింది. పాత ఆటగాళ్లు కొన్ని దూకుళ్లు తప్పుతున్నాయని గోల పెట్టారు. కారణం చిన్నది. తాకిడి లెక్కకు కొత్త ఆటలో పాత్ర చుట్టూ మాత్ర ఆకారపు హద్దు పెట్టారు. దాని అడుగు గుండ్రం కాబట్టి అంచు మీద పడ్డ కాలు జారిపోతుంది. పైగా గాల్లోంచి కిందపడే వేగం కొంచెం పెరిగింది. కంటికి అంతా పాతదే, లెక్క మారేసరికి ఆట మారిపోయింది.

మన ఫోన్లో

2011లో టెంపుల్ రన్, 2012లో సబ్‌వే సర్ఫర్స్ వచ్చాయి. పాత్ర వీపు మనవైపు, పరుగు తెర లోపలికి, కెమెరా మన మాట వినదు. పట్టా మీది చూపు మళ్లీ వచ్చింది. 4 గిగాబైట్ల ఫోన్ జ్ఞాపకం ప్లేస్టేషన్‌కి రెండు వేల రెట్లు. అయినా ఈ హద్దు ఎందుకు? ఫోన్లో బటన్లు లేవు, బొటనవేలికి ఎడమ, కుడి, పైకి, కిందికి మించి పని చెప్పడం కష్టం. 1996లో యంత్రం జ్ఞాపకం కొరత, ఇప్పుడు వేలి కొరత. జవాబు మాత్రం ఒకటే. ఆటగాడికి ఏం చూపించాలో ముందే నిర్ణయించుకుంటే మిగిలిన లెక్కంతా తేలికవుతుంది.

రాయగడ, గునుపురం, జయపురం, పార్వతీపురం కాలేజీల్లో కంప్యూటర్ చదువుతున్న వాళ్లకు ఒక మాట. గోడో అనే ఉచిత ఇంజిన్ మామూలు లాప్‌టాప్‌లో నడుస్తుంది. ఝోలా మడుల మెట్లు గీయండి, గట్లు పెట్టండి, ఒక పందికొక్కుని దూకించండి. మొదలుపెట్టే ముందే హద్దులు రాసుకోండి. ఒకే దారి, ఎనిమిది రంగులు, 40 కిలోబైట్ల బొమ్మలు. ఆ హద్దుల్లో ఏది ముందు లెక్కపెట్టాలో, ఏది అక్కర్లేదో తేల్చుకోవడమే ఆట రాయడం. మీ పందికొక్కు మొదటి గట్టు దూకేసరికి, కోట్లు ఖర్చుపెట్టి చేసిన ఆటలు ఎలా పనిచేస్తాయో సగం అర్థమైపోతుంది.